బల్లకట్టు చీల

చీల పక్క సీటు మీద ఉంది. మొగుడు ఫర్కర్ నల్లకోటు మీద, అతని చేతిరుమాలులోనే చుట్టి ఉంది, రోడ్డు మలుపు తిరిగినప్పుడల్లా కాస్త దొర్లుతోంది, దొర్లినప్పుడల్లా డోలీనా ఎడమచెయ్యి స్టీరింగు వదిలి దాన్ని అదిమి పడుతోంది. కిందపడితే ఏమవుతుంది, ఇనుము, అరుగుతుందా కరుగుతుందా, అయినా పట్టుకుంటోంది. జానెడు పొడుగు, రెండు వేళ్ళ లావు, తలకాయ దగ్గర చిన్న కడియం. ఇంత ముక్క. ఈ ఇంత ముక్క మీద తన తమ్ముడి ప్రాణం ఉంది, ఆదివారం పూట కొండలు చూద్దామని వచ్చి వాడి బల్లకట్టు ఎక్కబోయే ముక్కూమొహం తెలియని వాళ్ళ ప్రాణాలూ ఉన్నాయి. వాళ్ళకి ఆ సంగతి తెలియదు. టార్మడ్‌కి తెలుసు, తెలిసీ నడుపుతాడు, ఆ విషయంలో డోలీనాకి ఇసుమంత అనుమానం లేదు. ఒంటిగంటకి అవతలి రేవులో బండ్లు ఎక్కించుకుంటాడు, పక్కనుంచి ఎక్కిన బండ్లతో సహా బల్ల మొత్తాన్ని చేత్తో తోసి పడవ పొడుగుకి తిప్పుతాడు, తిప్పాక చిల్లులో ఈ చీల దిగ్గొట్టాలి, అప్పుడు గానీ ఆ బల్ల పడవకి కట్టుబడదు, కట్టుబడకపోతే దీవికీ అవతలి ఒడ్డుకీ మధ్యనున్న సముద్రపు పాయలో పోటు దాన్ని గిర్రున తిప్పేస్తుంది. నాలుగు తరాలుగా వాళ్ళింటి బల్లకట్టు అది. దాని చీల ఇక్కడ ఉంది, కొండకి ఇవతల, ఆమె మోచేతి పక్కన, పిప్పరమెంటు వాసనేస్తూ.

పిప్పరమెంటు బిళ్ళ కోసమే చెయ్యి పెట్టింది మరి. ప్రసంగం సగంలోకి వచ్చేసరికి ఆమెకి గొంతులో కిచకిచ మొదలవుతుంది, చర్చిలో సగం మందికి అంతే, అందుకే అందరి జేబుల్లోనూ బిళ్ళలుంటాయి, చప్పుడు లేకుండా ఒకరి నుంచి ఒకరికి బెంచీ పొడుగునా సాగుతుంటాయి. తన సంచీలో అయిపోయాయి. ఫర్కర్ సంఘపెద్ద, కీర్తన ఎత్తుకునేది కూడా అతనే, కాబట్టి ముందు, పాస్టరు వేదిక కింద కూర్చుంటాడు, తడిసిన కోటు మాత్రం పెళ్ళాం పక్కన వదిలి వెళ్తాడు. ఆ కోటు జేబులో చెయ్యి పెట్టింది. ముందు వాసన తగిలింది, తడి ఉన్ని మధ్య నుంచి గ్రీజు వాసన, నాన్న చేతుల వాసన, పోయి ఇన్నేళ్ళయినా నాన్న వచ్చి బెంచీ మీద పక్కన కూర్చున్నట్టే అయింది. తర్వాత వేళ్ళకి ఇనుము తగిలింది. ఒళ్ళో పెట్టుకుని రుమాలు విప్పింది, ఎఫ్ అన్న అక్షరం తను కుట్టిందే, మొన్న తను ఇస్త్రీ చేసిందే. తలెత్తితే అక్కణ్ణుంచి ఫర్కర్ చూస్తున్నాడు. చూసి, చూపు తన బూట్ల మీదికి దింపుకున్నాడు. ముప్పై ఏళ్ళ పైబడ్డ కాపురంలో ఆ మనిషి ఆమె ముందు బూట్లు చూసుకోవడం అదే మొదటిసారి. ఇంక అడగడానికేముంది. లేచింది. ఆ చర్చిలో ప్రసంగం మధ్యలో లేచారంటే చావైనా అయ్యుండాలి, పురుడైనా అయ్యుండాలి. ముసలి పెగ్గీ మోకాళ్ళు ఒద్దిక చేసుకుంటూ గుసగుసగా, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అంది. "ఒంట్లో బానే ఉంది పిన్నీ," అంది డోలీనా, అబద్ధం ఆడకూడదు కదా. కోటుతో సహా బయటికి వచ్చేసింది, కారు తాళం అదే జేబులో ఉంది. పాస్టరుకి ఏం తోచలేదు కాబోలు, కీర్తనకి సైగ చేసినట్టున్నాడు, తను ఇంజను తిప్పేసరికి లోపల ఫర్కర్ గొంతు లేచింది. లేచి, తప్పింది. మరీ పైన ఎత్తుకున్నాడు, జనం అందుకోలేక ఈడ్చారు. ఎన్నడూ తప్పని మనిషి.

చర్చి దాటాక రోడ్డు సముద్రం ఒడ్డునే పోతుంది, ఒక్క బండి పట్టే రోడ్డు, అక్కడక్కడ పక్కకి తప్పుకునే చోటు, దానికో తెల్ల పలక పాతిన గుంజ. మామూలు రోజైతే ఎదురొచ్చిన ప్రతివాడికీ స్టీరింగు మీంచి చూపుడువేలు లేపాలి, ఒక్కటే, అంతకంటే లేపితే వీడికేదో కలిసొచ్చిందంటారు, అదీ లేపకపోతే కళ్ళు నెత్తికెక్కాయంటారు. ఇవాళ లేపడానికి ఎదుటివాడే లేడు. ఏ తీగ మీదా బట్టల్లేవు. బడి దగ్గర పిల్లల ఉయ్యాలలకి నిన్న సాయంత్రమే గొలుసు వేశారు. ఆదివారం కోడి కూడా గొంతు తగ్గించి కూస్తుందనేది అత్తగారు. బంగాళాదుంపలు శనివారమే చెక్కి నీళ్ళలో వేసింది డోలీనా, బూట్లు శనివారమే తుడిచింది, ఆదివారం రెండే రకాల పనులు చెయ్యొచ్చు, తప్పనిసరి పని, కనికరపు పని, చిన్నప్పుడు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేది. గోతిలో పడ్డ గొడ్డుని లాగొచ్చు. ఈనలేక అల్లాడే గొర్రెకి చెయ్యి సాయం చెయ్యొచ్చు. మరి తమ్ముడికి చీల మోసుకుపోవడం దేని కిందికి వస్తుంది? గొయ్యి వాడు తవ్వుకున్నదే అయితే? ఆదివారం గొయ్యి అని పదిమంది చెప్పినా వినకుండా తవ్వుకుని అందులో నిలబడి ఈల వేస్తుంటే? గొడ్డు తనంతట తనే దూకితే లాగక్కర్లేదని ఎక్కడైనా రాసుందా? లేదు. గొడ్డు గొడ్డే. ఇంకాస్త తొక్కింది యాక్సిలరేటరు. ఇంటికిపోయి ఫోను చేద్దామన్నా ఇల్లు దీవికి ఆ చివర, చేసినా ఎత్తేదెవరు, టార్మడ్ ఒంటిగాడు, వాడు పడవలో ఉంటే వాడి ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ ఉండరు.

టార్మడ్ అనే మాట నోటితో అని ఎన్నాళ్ళయింది. మనసులో అనుకుంటేనే ఏదోలా ఉంది. వాడు ఆదివారం బల్లకట్టు నడపడం మొదలెట్టిన రోజు సంఘం సంఘమంతా రేవులో నిలబడింది, నల్లబట్టల్లో, వానలో, ఎవరూ అరవలేదు, ఎవరూ రాయి విసరలేదు, పడవ దగ్గరికి రాగానే అందరూ ఒక్కసారిగా వీపులు తిప్పారు. అంతే. వీపులు తిప్పి కీర్తన పాడారు. డోలీనా మొదటి వరసలో ఉంది, సంఘపెద్ద భార్య వెనకెక్కడ నిలబడుతుంది. నీళ్ళ చప్పుడు, ఇంజను చప్పుడు, తర్వాత ఇంజను ఆగిన చప్పుడు, వీపు మీద వాడి చూపు మాత్రం ఇనుప గరిటె కాల్చి పెట్టినట్టు. ఆదివారం నడపకపోతే సోమవారం కూడా నడవదక్కా, అని అంతకుముందే వచ్చి చెప్పాడు, యాత్రికులు వచ్చేది శని ఆదివారాలే, వాళ్ళు పెద్ద వంతెన మీంచి పోతే నాన్న పడవ ఒడ్డెక్కించి కోళ్ళకి ఇల్లు చెయ్యాలి. డోలీనా వినలేదు. నిజానికి విన్నది. విని కూడా వీపు తిప్పింది. ఆ తర్వాత మామూలు రోజుల్లో ఆ బల్లకట్టు ఎక్కనిదెప్పుడు, పళ్ళ డాక్టరుకి, ఉన్ని అమ్మడానికి, చావులకి పెళ్ళిళ్ళకి. వాడు రెండు వేళ్ళతో రా రా అని కారుని పిలుస్తాడు, చాలు అని అరచెయ్యి చూపిస్తాడు, ఆమె అద్దం రెండంగుళాలు దించి డబ్బులిస్తుంది, వాడు పుచ్చుకుంటాడు. అడుగు దూరంలో తమ్ముడి మొహం, నాన్న ముక్కు, అమ్మ కనుబొమలు, ఒక్క మాట లేదు. వాన గురించి కూడా మాట్లాడుకోలేదు. ఈ దీవిలో ఇద్దరు మనుషులు వాన గురించి కూడా మాట్లాడుకోలేదంటే ఇద్దరిలో ఒకరు పోయినట్టే లెక్క.

రోడ్డు ఒడ్డు వదిలి కొండ వైపు తిరిగింది. పొయ్యిలోకి పీట్ మట్టి తవ్విన నల్లటి చారలు, వాటి పక్కన ఆరబెట్టిన కుప్పలు, చిన్న మడుగులో ఆకాశం ముక్క, దూరంగా మగదుప్పి గొంతు చించుకుంటోంది, సెప్టెంబరు చివర వాటికి పిచ్చి. సెప్టెంబరు చివర. నిన్న రాత్రి చంద్రుడు పళ్ళెమంత ఉన్నాడు. పౌర్ణమి పోటు, ఏడాదిలోకెల్లా పెద్ద పోటు, పైగా గాలి దక్షిణం నుంచి, అంటే పోటుకి ఎదురు, అంటే పాయ మధ్యలో నీళ్ళు నిలువునా లేస్తుంటాయి. నెమ్మదైన రోజైతే గడ్డపార దూర్చినా బల్ల ఆగుతుంది. ఇవాళ ఆగదు. నాన్న ఒకసారి అలాగే చేశాడు, చీల కమ్మరి దగ్గర ఉంటే ఒక కర్ర చెక్కి దూర్చాడు, ఎంతసేపమ్మా ఇదెంత దూరమమ్మా అన్నాడు, బల్ల మీద టపా వ్యాను. నడి పాయలో కర్ర పుల్లలా విరిగింది, బల్ల తిరిగింది, వ్యానుని ఆపబోయిన నాన్న ఎడమచెయ్యి కమ్మీకీ చక్రానికీ మధ్య పడింది. మూడు వేళ్ళు మిగిలాయి. ఆ మూడు వేళ్ళతోనే తర్వాత ఆమెకి జడ వేసేవాడు, వదులుగా. అప్పణ్ణుంచి నాన్న ఒక నియమం పెట్టాడు. టార్మడ్, డోలీనా చెరోవైపు బల్లని తొయ్యాలి, డోలీనా చీల వెయ్యాలి, వేసి దాని తలమీద రెండుసార్లు కాలితో తొక్కి చూడాలి. "పడిందా?" అని నాన్న ఇంజను దగ్గర్నుంచి అడుగుతాడు. "పడింది!" అని ఆమె అరవాలి. అరిచే దాకా ఇంజను తిప్పడు, లాటుసాహెబు కారులో కూర్చున్నా సరే. గాలికి మాట వినపడకపోతే చేతులు, ఒక చెయ్యి నిటారుగా ఎత్తితే పడిందని, రెండు చేతులూ తలమీద అడ్డంగా పెడితే పడలేదని. పడలేదంటే నాన్న ఎవరి మాటా వినడు. అందరినీ దింపేస్తాడు.

ఇది తెలిసిన టార్మడ్ చీల లేకుండా నడుపుతాడా అంటే, నడుపుతాడు. నిన్న చివరి ట్రిప్పు అయ్యాక చూసుకుని ఉంటాడు, కొక్కేనికి చీల లేదు, పోలేదు, తీశారు. ఎవరు తీశారో తెలియకపోయినా ఎందుకు తీశారో తెలుస్తుంది. అంతే, ఇక వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. గడ్డపార వేస్తాడు, గొలుసు చుడతాడు, నల్లకోటులు తన పడవని ఆపాయనిపించుకోవడం కంటే మునగడమే నయమనుకుంటాడు. తనైనా అదే చేసేది, ఒకే కడుపున పుట్టారు మరి. ఈ సంగతి ఫర్కర్‌కి తెలియదు. అతను ఉత్తరపు కొండల మనిషి, గొర్రెల సంగతి అడగండి గొర్రె దగ్గు విని దాని తాతని చెప్తాడు, పడవ మాత్రం అతనికి ఊగే నేల. మొన్నామధ్య అన్నం దగ్గర అడిగాడు, ఆ బల్ల దేనితో ఆగుతుంది అని. ఏదో ముచ్చటకి అడిగాడనుకుంది. "చీలతో. అది లేకపోతే పడవ అంగుళం కదలదు," అంది, పుట్టింటి గొప్ప కదా, కాస్త మురుస్తూనే చెప్పింది. అంగుళం కదలదు. అందుకే తీశాడు, పాపం, ఒక్క ఆదివారం పాయ నిశ్శబ్దంగా ఉంటుందని. నిన్న అవతల చావుకి వెళ్ళొస్తూ ఆ చివరి ట్రిప్పు దిగేటప్పుడు కొక్కేనికి తగిలించి ఉన్నదాన్ని జేబులో వేసుకున్నాడు, సోమవారం పొద్దున్నే మళ్ళీ కొక్కేనికి తగిలించేద్దామనుకుని ఉంటాడు. ఆదివారం పని చెయ్యకూడదని శనివారమే తీశాడు. ఇంటికొచ్చి సబ్బుతో చేతులు తోమి తోమి కడుక్కున్నాడు, ప్రార్థన చేసుకుని పసిపిల్లాడిలా పడుకున్నాడు. అతన్ని తిట్టుకుందామంటే నోరు రావడం లేదు, తిట్టకుండా ఉందామంటే కడుపు మండుతోంది. అటు మొగుడు, ఇటు తమ్ముడు, అడకత్తెరలో పోకచెక్క ఇన్నేళ్ళూ నలక్కుండా ఎలా ఉందా అనిపించింది.

మలుపు తిరగ్గానే ముందు ఇల్లంత తెల్లటి క్యాంపర్ వ్యాను. అరకిలోమీటరు నుంచి కనపడుతున్న తప్పుకునే చోటు పక్కనుంచే పోయింది, ఆగలేదు, ఇంకొకటి వచ్చింది, అదీ దాటింది. వెనక బండి ఉంటే పక్కకి తియ్యాలని వీళ్ళకి ఎవరు చెప్పాలి. లైట్లు వెలిగించి ఆర్పింది. వ్యాను కిటికీలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి అయిదు వేళ్ళూ ఊపింది, ఇక్కడివాళ్ళు చెయ్యి ఊపుకుంటారని ఎక్కడో చదివినట్టున్నాడు. హారను కొట్టింది, ఈ దీవిలో హారను కొట్టి ఎరగదు, ఆదివారం హారను, అయిపోయింది, ఇంక ఏం మిగిలింది. మళ్ళీ చెయ్యి ఊపాడు. తర్వాత సరిగ్గా రోడ్డు మధ్యలో, ఎడమ లోయ, కుడి బండ, ఆపేశాడు. దిగాడు. పొట్టి నిక్కరు, మెడలో కెమెరా. దుప్పి. అవునులే, దుప్పి. డోలీనా కారు దిగి పరిగెత్తింది, చర్చి బూట్లతో, గాలికి టోపీ ఒక చేత్తో పట్టుకుని.

"బాబూ, బండి పక్కకి తియ్యి."

"ఒక్క నిమిషమండీ, ఆ కొమ్ములు చూశారా, అబ్బ, ఇంకోటి తీసుకుని..."

"దుప్పి రేపు కూడా ఉంటుంది. నా తమ్ముడు ఉండడు."

అతను కెమెరా దించి ఆమె మొహం చూశాడు. లోపల్నుంచి భార్య, "తియ్యవయ్యా మహానుభావా, చూస్తావేం!" అని కసిరింది. బురదలోకి సగం దిగబడేలా పక్కకి తీశాడు, పాపం, ఆమె దాటుతుంటే చెయ్యి ఊపబోయి మానుకున్నాడు. డోలీనా వేలు మాత్రం అలవాటు కొద్దీ దానంతటదే లేచింది.

కనుమ మీదికి ఎక్కగానే ఎప్పుడూ ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది, ఎన్నిసార్లు చూసినా. అవతలి కొండలు ఒకదాని వెనకొకటి, నీలం వెనక బూడిద, బూడిద వెనక ఆకాశం, మేఘాల నీడలు వాటిమీద నడుస్తుంటాయి, కింద బ్రాకెన్ పొదలన్నీ తుప్పు రంగు, కాలువ గట్టున రోవన్ చెట్టు ఎర్రటి పళ్ళతో ఒంటరిగా, వీటన్నిటి అడుగున పాయ. యాత్రికులు ఇక్కడ ఆగి చలికి వణుకుతూ కాఫీ తాగుతారు. డోలీనా నీళ్ళు తప్ప ఏదీ చూడలేదు. పాయ నడుమ తెల్లగా ఉంది. చార కాదు, చాప పరిచినంత తెలుపు. అవతలి రేవులో అగ్గిపెట్టెంత పడవ, దాని పక్కన రంగురంగుల చుక్కలు, బండ్లు. ఇంకా ఎక్కలేదు. లేక ఎక్కుతున్నాయి. కిందికి పాములాంటి రోడ్డు, పదో పన్నెండో మెలికలు, నాన్న అనేవాడు ఈ దారిలో బ్రేకు తొక్కేవాడు పిరికివాడు, తొక్కనివాడు చచ్చినవాడు అని. తొక్కుతూ వదులుతూ దిగుతోంది. చీల దొర్లింది, ఈసారి పట్టుకోలేదు, రుమాలు సగం ఊడి కింద ఠంగుమని పడింది, పడనీ. చర్చి ముగిసి ఉంటుంది. ఫర్కర్ చొక్కాతో వానలో నిలబడి ఉంటాడు. ఎవరైనా కారెక్కించుకుంటారు, ఎక్కించుకుని ఏమీ అడగరు, ఆ అడక్కపోవడం ఎంత చప్పుడు చేస్తుందో తనకి తెలుసు. సాయంత్రానికి దీవంతా తెలుస్తుంది. సంఘంలో అతన్ని పెద్దగా ఉంచరు. పోలీసులు వస్తే? తను చీల ఇవ్వగానే టార్మడ్ అడుగుతాడు, ఎక్కడిది అని. రోడ్డు మీద దొరికిందని చెప్పొచ్చు. ఆదివారం పూట, పడవ దగ్గర, అబద్ధం కూడా చేర్చుకుంటే చక్కగా ఉంటుంది లెక్క.

రేవులోకి దిగేసరికి వాన అడ్డంగా కొడుతోంది. కోటు తొడుక్కుంది, ఫర్కర్ కోటు, చేతులు వేళ్ళని మింగేశాయి, చీల గుప్పిట్లో పట్టుకుని రాతి వాలు మీదికి పరిగెత్తింది. అవతల బల్ల మీదికి ఎర్ర మినీబస్సు ఎక్కేసింది. దాని వెనక చిన్న కారు. టార్మడ్ చుట్టూ తిరుగుతూ చక్రాలకి దుంగలు పెడుతున్నాడు, వాడి నడక ఎక్కడున్నా తెలుస్తుంది, ఎడమ భుజం ముందు. అరిచింది. గాలి ఆ అరుపుని మళ్ళీ ఆమె నోట్లోనే కుక్కింది. వెనక నుంచి క్యాంపర్ వ్యాను వచ్చి ఆగింది, ఆ పొట్టి నిక్కరు ఆయన సాయం చెయ్యాలన్న తొందరలో రేవు పలక దగ్గరికి పోయాడు, పడవ కావాలంటే జరపాలని దానిమీదే రాసి ఉంది, జరిపితే ఎర్రరంగు బయటపడుతుంది, అది చూసి పడవ బయల్దేరుతుంది.

"ముట్టుకోకు!"

అప్పటికే జరిపాడు. పరిగెత్తుకెళ్ళి అతన్ని తోసి పలక మూసింది. కానీ టార్మడ్ చూశాడు, తలెత్తి ఇటే చూస్తున్నాడు. ఏం కనపడుతుంది వాడికి? రేవులో ఒక నల్లకోటు. ఆదివారం పూట, తనకోసం కాచుకున్న ఒక నల్లకోటు. వాడు తల తిప్పేసుకున్నాడు, బల్లకి భుజం ఆనించి తొయ్యడం మొదలెట్టాడు, మునుపటి కంటే బలంగా, మినీబస్సుతో సహా బల్ల తిరుగుతోంది, కోపంతో తోస్తున్నాడు, ఇంత దూరానికీ తెలుస్తోంది. ఈ కోటు. డోలీనా కోటు లాగి పారేసింది. టోపీ పీకి పారేసింది, పిన్నులతో సహా, జుట్టంతా గాలికి లేచింది, నెరిసిన జుట్టు, టోపీ లేకుండా వాడు చివరిసారి చూసినప్పుడు ఇంత నెరవలేదు. చీల కడియం నోట కరుచుకుంది, నీళ్ళు బూట్లలోకి వచ్చేదాకా వాలు కిందికి దిగింది, వీపు కాదు, మొహం, ఎదురుగా, రెండు చేతులూ తలమీదికెత్తి అడ్డంగా పెట్టింది.

పడలేదు. టార్మడ్, పడలేదు. చూడు. తిరుగు. ఇంజను పొగ లేచింది. వాడు తిరగలేదు. చేతులు నొప్పెడుతున్నాయి, దించకూడదు, చిన్నప్పుడు దించితే నాన్న ఒప్పుకునేవాడు కాదు, వాడు చెయ్యెత్తి జవాబిచ్చే దాకా దించకూడదు. ఇనుము నాలుకకి చేదుగా, ఉప్పగా ఉంది. దేవుడా, ఇది ఏ పని కిందికొస్తుందో నువ్వే రాసుకో, తప్పనిసరో కనికరమో పాపమో, వాణ్ణి మాత్రం ఇటు తిప్పు. వాడు తాడు విప్పడానికి వంగాడు. వంగి, లేస్తూ, చూశాడు. అలాగే నిలబడిపోయాడు. పాయకి అటు వాడు, ఇటు ఆమె, మధ్యలో తెల్లటి నీళ్ళు. పొట్టి నిక్కరు ఆయన భార్య వెనకనుంచి వచ్చి ఏమీ అడక్కుండా ఆమె నడుం పట్టుకుంది, అల వచ్చి లాగకుండా. వాడి చేతులు లేచాయి. రెండూ. తలమీద అడ్డంగా.

బల్ల వెనక్కి తిరిగింది. మినీబస్సు దిగింది, కారు దిగింది, వాళ్ళేదో గొడవ పడుతున్నట్టు చేతులు ఊపుతున్నారు, టార్మడ్ ఎవరి మాటా వినడం లేదు. తర్వాత ఖాళీ బల్లతో ఒక్కడే బయల్దేరాడు, పోటుకి ఎదురు మొహం పెట్టి పీతలా పక్కవాటుగా వస్తున్నాడు. నడి పాయలో తెల్లటి నీళ్ళలోకి రాగానే ఏదో ఠపీమని ఎగిరింది, గడ్డపార, గాల్లో ఒక మెరుపు మెరిసి నీళ్ళలో పడింది, దాని వెనకే గొలుసు తెగింది. బల్ల గిర్రున తిరిగి పక్కకి నిలబడింది, పడవ ఒరిగింది, టార్మడ్ కనపడలేదు. కనపడలేదు. కనపడ్డాడు, ఇంజను కమ్మీకి వేలాడుతూ. ఖాళీ బల్ల కాబట్టి పడవ గుటక మింగినట్టు ఒక్కసారి మునిగి లేచి మళ్ళీ సర్దుకుంది. నడుం పట్టుకున్నావిడ, "ఆ బస్సులో అందరూ ముసలివాళ్ళేనండీ, నిన్న అవతలి ఒడ్డున హోటల్లో చూశాం," అంది, అని ఏడ్చింది. డోలీనాకి ఏడుపు రాలేదు, పళ్ళ మధ్య నుంచి చీల తియ్యాలన్నా దవడ సడల్లేదు.

పడవ రేవుకి తగిలింది. టార్మడ్ దిగాడు, నుదుటి మీంచి రక్తం కారుతోంది, మొహం సున్నం కొట్టినట్టుంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"వాన," అన్నాడు టార్మడ్ చివరికి.

"అవును, వానే," అంది డోలీనా.

చీల ఇచ్చింది. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు, దాని కడియానికి చిక్కుకుని ఉన్న రుమాలు చూశాడు.

"ఎక్కడ దొరికిందక్కా?"

"చర్చిలో."

"దేవుడి దగ్గరా?"

"దేవుడికి కాస్త ఈవలే."

వాడు రుమాలు విప్పాడు. ఎఫ్ అన్న అక్షరం మీద బొటనవేలు ఆగింది. పాయ వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు. డోలీనా ఎదురుచూసింది. ఏమంటే అది పడాల్సిందే.

"నువ్వు లేచొచ్చేప్పుడు చూశాడా?"

"చూశాడు."

"ఏం చేశాడు?"

"కీర్తన ఎత్తుకున్నాడు. ఎత్తు తప్పింది."

"బావకా? ఎత్తు తప్పిందా?" వాడి గొంతులో ఏదో కదిలింది, నవ్వు కాదు, దాని పక్కింటిది. రుమాలుని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టాడు. "ఉతుక్కో. గ్రీజు పోవాలంటే వేడినీళ్ళు కావాలి. ఇవాళ కాదులే, రేపు ఉతుకు."

అంతే అన్నాడు. ఆమెకి అప్పుడొచ్చింది ఏడుపు, రావడం రావడం వెక్కిళ్ళతో వచ్చింది, నడి రేవులో, జుట్టు విరబోసుకుని, ముక్కు తుడుచుకోవడానికి చేతిలో ఉన్నది ఆ గ్రీజు రుమాలే. వాడు ఓదార్చలేదు, వాళ్ళింట్లో ఆ అలవాటు లేదు, నాన్న తన కోటు మీంచి దులుపుకునేటట్టే ఆమె భుజం మీద వాన దులిపాడు. తర్వాత క్యాంపర్ వ్యాను వైపు రెండు వేళ్ళు ఊపాడు, రా రా అని, అరచెయ్యి చూపించాడు, చాలు అని, చక్రాలకి దుంగలు పెట్టాడు. వెనకే డోలీనా కూడా బల్ల ఎక్కింది. అవతల ముసలివాళ్ళు వానలో నిలబడి ఉన్నారు, వెళ్ళాలి.

"ఇంక నువ్వు దిగక్కా, బల్ల తిప్పాలి."

డోలీనా వెనక్కి చూసింది. రేవులో కారు, తలుపు తెరిచే ఉంది. రాళ్ళ మీద ఫర్కర్ కోటు, తడిసి ముద్దయి, చేతులు చాపుకుని పడి ఉంది, పడ్డ మనిషిలాగే. తీసుకుపోయి ఇవ్వాలి. ఆ మనిషి కళ్ళలోకి చూడాలి, నువ్వేం చేశావో తెలుసా అని చెప్పాలి, చెప్పాక పక్కన కూర్చోవాలి. అదీ చెయ్యాలి. వచ్చే పడవకి వచ్చి చేస్తుంది.

"తిప్పు," అంది. "అటు నువ్వు తొయ్యి, ఇటు నేను తోస్తా."

వాడు చీల ఆమె చేతికిచ్చి అటు నడిచాడు. డోలీనా భుజం ఆనించి తోసింది. బల్ల మూలిగింది, కదిలింది, వ్యానులోంచి పొట్టి నిక్కరు ఆయన నోరు తెరుచుకుని చూస్తుండగా కొండలు, రేవు, కారు, కోటు అన్నీ మెల్లగా పక్కకి జరిగిపోయాయి. చిల్లు మీదికి చిల్లు వచ్చింది. చీల జారవిడిచింది, అది లోపలికి దిగుతున్న చప్పుడు అరికాళ్ళలోంచి తెలిసింది. చర్చి బూటుతో తలమీద ఒకసారి తొక్కింది, ఇంకోసారి తొక్కింది. ఇంజను దగ్గర టార్మడ్ పిడి మీద చెయ్యి వేశాడు గానీ తిప్పలేదు. ఇటు తిరక్కుండానే, అచ్చం నాన్న గొంతుతో అడిగాడు.

"పడిందా?"

"పడిందిరా," అంది డోలీనా. "పద."